పేజీకి ఒకటి

జూన్ 4

వదినా,

ఈ ఉత్తరం కంటే ముందు పార్శిలే విప్పి ఉంటావని నాకు తెలుసు. కొత్త కేటలాగు మొత్తం తిరగేసి, అప్పుడు తీరిగ్గా ఈ కాయితం వంక చూస్తున్నావు. అవునా కాదా? సరే, చూసుకో. ఈసారి బాగా లావుగా వేశారు. మొదటి కట్ట విప్పగానే మా సూపర్‌వైజరుని అడిగి ఒకటి తెచ్చుకున్నాను. కొత్త కాయితం వాసన పోకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి మరీ పంపుతున్నాను.

రూలు మర్చిపోతావేమోనని మళ్ళీ చెప్తున్నాను. పేజీకి ఒకటి. నచ్చలేదని ఏ పేజీనీ వదిలేయడానికి లేదు, రెండు నచ్చాయని రెండూ ఎంచడానికీ లేదు. నాది సున్నా, నీది టిక్కు. పోయినసారి తాళాల పేజీ ఖాళీగా వదిలేశావు. "మనింట్లో ఎత్తుకుపోవడానికి ఏముంది" అని పక్కన రాస్తే సరిపోతుందా? తొండి తొండే. నా సున్నాలు ముందే చుట్టేశాను. వాటిని చూసి కాపీ కొట్టావంటే ఊరుకోను.

నువ్వు మా ఇంటికి వచ్చిన కొత్తలో నీకూ నాకూ మాటల్లేవు, గుర్తుందా? నేను వంటింటి బల్ల మీద కేటలాగు పరుచుకుని కూర్చుంటే, వెనక నుంచి వచ్చి "ఆ నీలం గొడుగు" అన్నావు. నువ్వు నాతో అన్న మొదటి మాట అదే. అప్పట్నుంచి ఎన్ని ఇళ్ళకి సరిపడా సామాను ఎంచామో! ఒక్క చెంచా కూడా కొన్న పాపాన పోలేదు.

ఇక్కడ నా పని నీకు తెలిసిందే. తిరిగొచ్చిన పార్శిళ్ళు విప్పడం, ఎందుకు తిప్పి పంపారో కనుక్కోవడం. నిన్న ఒకాయన గోడ దీపం తిప్పి పంపాడు. బొమ్మలో ఉన్నట్టు లేదట. దీపం అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది వదినా. లేనిదల్లా దాని వెనకున్న గోడ, ఆ కిటికీ, కిటికీలో పిల్లి. అవి మేమెక్కణ్ణుంచి తెచ్చిస్తాం?

నలభై ఒకటో పేజీ చూశావా? భోజనాల బల్ల, దాని చుట్టూ చేతుల కుర్చీలు. ఆ నిగనిగలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. మీ ఇంట్లో ఆ పాత సరుకంతా అవతల పారేసి ఇవి వేయించుకో. పాత సరుకంటే ఒక్క కుర్చీలే కాదు, వాటిని చేసిన మా వడ్రంగి అన్నయ్యని కూడా కలిపే చెప్తున్నాను. పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళే పథకం ఉంది మా కంపెనీలో. మాట్లాడి పెట్టమంటావా?

సున్నాలు చుట్టీ చుట్టీ వేళ్ళు నొప్పెట్టిన
నీ మరదలు


జూన్ 15

ఓసి వసపిట్టా,

మీ అన్నయ్య నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఉత్తరం విప్పగానే ఇల్లంతా నీ గోలే.

తాళాల పేజీలో తొండి చేశాను, ఒప్పుకుంటున్నాను. అందుకని ఈసారి పైపుల పేజీలో కూడా నిజాయితీగా ఎంచాను. లాండ్రీ కౌంటరులో కూర్చుని ఆ వంపులూ ఆ మరలూ చూసి చూసి, చివరికి ఒక బుజ్జి కుళాయి దగ్గర ఆగాను. ఎంత ముద్దుగా ఉందో! దుప్పట్లు తీసుకెళ్ళడానికి వచ్చినావిడ తొంగి చూసి, "ఇంట్లో కుళాయి పాడైందా అమ్మా?" అంది. "లేదండీ, ఊరికే చూస్తున్నాను" అన్నాను. కుళాయిల్ని ఊరికే చూసే మనిషి ఆవిడకి ఎప్పుడూ తగల్లేదు కాబోలు, దుప్పట్లు వదిలేసి రసీదు పట్టుకుని వెళ్ళిపోయింది.

అసలు ఈ సుఖం ఇంకొకళ్ళకి చెప్తే అర్థమవుతుందంటావా? కొనాలని కూర్చుంటే ఆ సుఖం పోతుంది. గదిలో పడుతుందా, రంగు దిగుతుందా, ఎవరు తుడవాలి, అన్నీ గుర్తొస్తాయి. కొనం అని తెలిస్తేనే హాయి. ఆ పరుపు మీద ఒకసారి దొర్లుతాను, ఆ గొడుగేసుకుని రెండడుగులు వేస్తాను, పేజీ తిప్పేస్తాను.

నలభై ఒకటో పేజీలో నువ్వు బల్లకి సున్నా చుట్టావుగా. నేను చేతుల కుర్చీకి టిక్కు కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే పెన్సిలు ములికి విరిగింది. పెట్టెల పేజీలో అన్నిటికంటే పెద్దదానికి కొట్టాను. ఎక్కడికీ పోయేది లేకపోయినా మనిషన్నాక ఒక పెద్ద పెట్టె ఉండాలి.

టీ తాగేటప్పుడు నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. పాత సరుకు దగ్గర నవ్వారు కూడా. ఉలకడు పలకడు అని నువ్వు ఏడిపించే మనిషి నవ్వారంటే మాటలు కాదు. ఆయన్ని మీ కంపెనీ తీసుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు గానీ, ఆయన పట్టేంత డబ్బా మీ దగ్గరుందా? తర్వాత కేటలాగు తిరగేస్తూ "ఏమిటీ టిక్కులు?" అని అడిగారు. నేను బట్టలారేస్తూ నోట్లో క్లిప్పు పెట్టుకుని ఉన్నాను. "నచ్చినవీ" అన్నాను. ఒక్కో పేజీ నిదానంగా చూసి షెడ్డులోకి వెళ్ళిపోయారు. ఆయనకి కూడా కేటలాగుల మీద మోజు పుట్టినట్టుందే!

కిటికీ పక్కన నీ కుర్చీ ఇంకా కిర్రుకిర్రుమంటూనే ఉంది. పేరుకి వడ్రంగి ఇల్లు. బాగు చేయమంటే విననట్టు పోతారు. నువ్వు మాత్రం వస్తానంటావు, రావు. నీ మాట ఆ కుర్చీ కూడా నమ్మదు.

బుజ్జి కుళాయి మీద మనసు పారేసుకున్న
నీ వదిన


జూన్ 24

వదినా,

అన్నయ్యకి కేటలాగుల మోజా! పగలబడి నవ్వానంటే నమ్ము. మన ఆటలోకి మూడో మనిషి వస్తున్నాడన్నమాట.

అందుకే తన పేరు మీద విడిగా ఒకటి పంపుతున్నాను. డబ్బాల్లో వచ్చే ఫర్నిచరు కేటలాగు. రంపం అక్కర్లేదు, ఉలి అక్కర్లేదు, ముక్కలన్నీ డబ్బాలోనే ఉంటాయి. నాలుగు మరలు తిప్పితే బీరువా, ఆరు తిప్పితే మంచం. ఒక కిటికీ రెక్కని వారం రోజులు చిత్రిక పట్టే మనిషి కదా, ఇది చూసి కాస్త నేర్చుకోమను. ఇది కూడా చదివి వినిపించు, మళ్ళీ నవ్వుతాడేమో చూద్దాం.

రావట్లేదని దెప్పకు. సెలవు దొరకదు, దొరికినా పెట్టె సర్దాలంటే నాకు నీరసం. ఏది పెట్టాలో ఏది మానాలో తేలేలోపు సెలవు అయిపోతుంది. అయినా నీ పెద్ద పెట్టె సంగతేంటి? అందులో నన్ను కూడా పెట్టుకుని ఎక్కడికి పోదామని?

నీ కుళాయికి పోటీగా చీపురుకట్టని ఎంచిన
నీ మరదలు


జూలై 6

అమ్మడూ,

ఇకమీదట కేటలాగులు పంపొద్దు. కోప్పడకు, పూర్తిగా చదువు.

మీ అన్నయ్య షెడ్డు మూసేస్తారట. పెద్ద బజారులో డబ్బా ఫర్నిచరు అమ్మే కొట్టు ఒకటి పెట్టారు. కొన్నవాళ్ళ ఇళ్ళకెళ్ళి మరలు బిగించి రావడానికి మనిషి కావాలట. ఆ కొట్టాయన వచ్చి అడిగితే, నెలాఖరుకి చెప్తానన్నారట మీ అన్నయ్య. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కొట్టాయనే లాండ్రీకి చొక్కాలేయడానికి వచ్చి, "మీ ఆయన మా దగ్గరికి వస్తున్నారుగా" అన్నాడు. నా చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉండిపోయింది. చొక్కా కాలింది.

ఇంటికొచ్చి అడిగాను. "ఇప్పుడందరికీ డబ్బాలో వచ్చేవే కావాలి. బయటివాళ్ళనేముంది, ఇంట్లోవాళ్ళకే కావాలి" అన్నారు. ఇంట్లోవాళ్ళంటే ఎవరా అనుకున్నాను. అంత మొద్దుదాన్ని. నువ్వు పంపిన ఆ రెండో కేటలాగు ఆయన పనిబల్ల మీద ఉంది, నాలుగు మూలలూ సమంగా సర్ది పెట్టి. అప్పుడు వెలిగింది నాకు. ఆయన చేసిన కుర్చీలో కూర్చుని, ఆయన చేసిన బల్ల మీద వేరే కుర్చీకి టిక్కు కొట్టాను. అడిగితే నచ్చింది అన్నాను. పైగా పాత సరుకని పకపకా చదివి వినిపించాను. నవ్వారని నీకు గొప్పగా రాశాను కూడా. ఆ మనిషికి ఎలా నవ్వాలనిపించిందో!

అది ఆటండీ అని చెప్పాను. పేజీకి ఒకటి ఎంచాలి, ఎంచి తీరాలి, అదీ రూలు అన్నాను. "ఆటైతే గెలిచేదెవరు?" అని అడిగారు. నిజమేనే, ఇన్నేళ్ళలో ఎవరు గెలిచారు? జవాబు దొరక్క నేను నీళ్ళు నములుతుంటే, ఆయన తల ఊపుకుంటూ వెళ్ళిపోయారు. అబద్ధం చెప్తున్నాననే అనుకున్నారు.

అంత కష్టపడి నేర్చుకున్న పని వదిలేసి, ఊళ్ళోవాళ్ళ గదుల్లో మరలు బిగిస్తారా? నా టిక్కు వల్లనా? షెడ్డులో చప్పుడు లేకపోతే ఆ ఇంట్లో నేనుండలేను. పొద్దున్నే ఆ చిత్రిక పట్టే శబ్దం వింటూనే నేను టీ పెట్టుకునేది. ఈ మధ్య అది కూడా లేదు. నువ్వే ఏదో ఒక దారి చెప్పు.

నీ వదిన


జూలై 12

వదినా,

పంపొద్దన్నావు. పంపుతున్నాను. ముందు తిట్టు, తర్వాత చదువు.

నువ్వొక్కదానివే నెత్తిన వేసుకోకు. "కాస్త నేర్చుకోమను" అని రాసిన చెయ్యి నాది. నా పిచ్చి హాస్యం నా అన్న గుండెల్లో గుచ్చుకుంటుందని కలలో కూడా అనుకోలేదు. నీ ఉత్తరం చదివి ఆ రోజంతా పని చేయలేకపోయాను. ఎవరిదో కుక్కరు ఇంకెవరికో పంపించేశాను.

చిన్నప్పుడు బల్ల నాకు అందేది కాదు. కూర్చుంటే ముక్కు దాకా బల్లే. ఒకసారి అది చూసి అందరూ నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. షెడ్డులోకి పోయి, మిగతావాటికంటే ఎత్తుగా ఉండే కుర్చీ ఒకటి చేసి తెచ్చాడు. "బాగుందా" అని అడగలేదు. నేను ఎక్కి కూర్చునే దాకా అలా నిలబడ్డాడు, అంతే. ఇప్పుడు కూర్చుంటే నా మోకాళ్ళు బల్లకి తగులుతాయి. అయినా ఆ కుర్చీ నాదే. ఇక్కడ నా చుట్టూ తిరిగొచ్చిన కుర్చీలు కొండలా పడున్నాయి. ఒక్కదాన్ని చూసి కూడా కూర్చోవాలనిపించదు.

ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్వు వివరించి లాభం లేదు. వివరిస్తే ఏ ఆటైనా పిచ్చిగానే ఉంటుంది. కూర్చోబెట్టి ఆడించు. అదే కేటలాగు, ఇంకో కాపీ పంపుతున్నాను. ఒక్క సున్నా కూడా చుట్టలేదు. తన చెవి వెనక పెన్సిలు ఎలాగూ ఉంటుంది. మొదటి పేజీ నుంచి మొదలెట్టు, ఒక్కటి కూడా వదలనివ్వకు. తొండి చేస్తే నా మీద ఒట్టని చెప్పు.

నెలాఖరు దగ్గరపడుతోంది వదినా. ఆలస్యం చేయకు.

సిగ్గుతో తల ఎత్తలేని
వసపిట్ట


జూలై 27

నా బంగారు మరదలా,

తీరిగ్గా కూర్చో. చాలా ఉంది.

ఆదివారం లాండ్రీ మూసి ఉంది కదా. మధ్యాహ్నం బల్ల మీద కేటలాగు పెట్టి బతిమాలాను. "ఒక్కసారి నాతో ఆడండి. ఆ తర్వాత ఆ కొట్టుకే పోతారో ఎక్కడికి పోతారో మీ ఇష్టం" అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, చెవి వెనక నుంచి పెన్సిలు తీశారు. వడ్రంగి పెన్సిలు కదా, అరటిపండంత లావు గీత పడుతుంది.

మొదటి పేజీ ఆడవాళ్ళ చెప్పులు. "నాకెందుకివి?" అన్నారు. "రూలు" అన్నాను. "ఒక్కటీ బాగాలేదు" అన్నారు. "బాగాలేనివాటిలోనే ఒకటి చూడండి" అన్నాను. చూసి చూసి, కళ్ళు చెదిరే గులాబీ రంగు చెప్పులకి గీత పెట్టారు. ఇవేంటండీ అంటే, "పాపం, వీటిని ఎవరూ ఎంచరు" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు గానీ పేజీ మాత్రం ఆయనే తిప్పారు.

కర్టెన్ల దగ్గరికి వచ్చేసరికి పోట్లాటలో పడ్డాం. నాకు ఆకుపచ్చవి, ఆయనకి చారలవి. "చారలు మనింటికి ఏం నప్పుతాయి?" అన్నాను. "మనింటికి ఎవరు కొంటున్నారు?" అన్నారు.

అనేసి ఆగిపోయారు. నా మొహం వంక చూశారు. అనాల్సింది ఆయనే అనేశారుగా. ఇన్నాళ్ళూ నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది, చారల కర్టెన్లు చెప్పాయి.

అక్కణ్ణుంచి హుషారుగా తిప్పుకుంటూ వచ్చాం, నలభై ఒకటో పేజీ దాకా. అక్కడ పెన్సిలు కింద పెట్టారు. "ఆటే, ఒప్పుకున్నాను. కానీ ఇన్ని కుర్చీలుండగా పోయినసారి దీన్నే ఎందుకు ఎంచావు? ములికి విరిగేంత గట్టిగా ఎందుకు నొక్కావు?" అని అడిగారు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన అడిగిన తీరు చూసి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "దానికి చేతులున్నాయండీ. పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టె మోసి వచ్చి కూర్చుంటాను. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. మీ కుర్చీలకి చేతులు లేవు" అన్నాను.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నారు.

"చేసి తెచ్చి ఎదురుగా నిలబడతారుగా, నేను కూర్చునేదాకా. ఆ మొహం చూశాక ఏమని చెప్పను?" అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు.

ఆయన కాసేపు నా చేతుల వంకే చూస్తూ కూర్చున్నారు. ఆ పేజీలో గీత పెట్టలేదు. "తొండి" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "నాది తర్వాత పెడతాను" అన్నారు.

మర్నాడు నేను టీ తాగుతుంటే టేపు పట్టుకొచ్చి, నా మోచేతి కింద పెట్టి కొలుచుకుపోయారు. ఆ తర్వాత షెడ్డులోంచి చిత్రిక పట్టే చప్పుడు. ఆ చప్పుడు వింటూ రెండో గ్లాసు టీ కూడా తాగానే! ఆ కొట్టాయన వస్తే గుమ్మంలోనే నిలబెట్టి, "కుదరదండీ, పనుంది" అని పంపించేశారు. నిన్న కుర్చీ తెచ్చి వేసి, ఎప్పటిలాగే నిలబడ్డారు. నేను కూర్చున్నాను. ధైర్యం చేసి, "ఎడమ చెయ్యి కాస్త ఎత్తైంది" అన్నాను. ఎంత సంతోషపడ్డారనుకున్నావ్! వెంటనే పట్టుకెళ్ళి సరిచేసి తెచ్చారు. ఈ ఉత్తరం అందులో కూర్చునే రాస్తున్నాను. కేటలాగు వెనక్కి పంపుతున్నాను, నలభై ఒకటో పేజీ అంచు చూడు. ఖాళీ జాగాలో నా కుర్చీ బొమ్మ గీసి, దానికి గీత పెట్టుకున్నారు.

ఆ ఊపులోనే నీ కుర్చీ సంగతి కూడా ఎత్తాను, ఇప్పుడైనా బాగు చేయండని. "దాని జోలికి పోవద్దు. అది కిర్రుమంటే వసపిట్ట వచ్చి కూర్చున్నట్టుంటుంది" అన్నారు.

ఇంకొకటి. పెట్టెల పేజీలో నేను మళ్ళీ పెద్దదే ఎంచాను. ఆయన అన్నిటికంటే చిన్నదానికి గీత పెట్టారు. అంత చిన్నదెందుకండీ అంటే, "నాక్కాదు, దానికి. పెద్దదైతే సర్దడానికే సెలవు అయిపోతుందటగా. చిన్నదైతే ఇట్టే సర్దుకుని వచ్చేస్తుంది" అన్నారు. ఉలకడు పలకడు అంటావుగా, ఇదిగో, పలికారు.

చేతులు పెట్టుకోవడానికి చోటు దొరికిన
నీ వదిన


ఆగస్టు 5

వదినా,

కేటలాగు అందింది. గులాబీ చెప్పుల మీద ఆ లావు గీత మా ఆఫీసులో అందరికీ చూపించాను. నీ కుర్చీ బొమ్మ మాత్రం ఎవరికీ చూపించలేదు. దాన్ని చూస్తుంటే కళ్ళు మసకేశాయి. సూపర్‌వైజరు చూసి ఏమైందంటే దుమ్మన్నాను.

మన ఆటలో ఒక తప్పు చేశాను. ఈసారి తొండి నాది. పెట్టెల పేజీలో అన్నయ్య గీత పెట్టిన ఆ చిన్న పెట్టె కొనేశాను. ఇన్నేళ్ళలో మనం ఎంచినవాటిలో నిజంగా చేతికొచ్చిన మొదటి వస్తువు ఇదే వదినా. బొమ్మలో కంటే చిన్నగానే ఉంది. అన్నయ్య చెప్పినట్టే, ఇట్టే సర్దేశాను. సెలవు కూడా అడిగితే ఇచ్చారు. ఇన్నాళ్ళూ అడగంది నేనే.

ఆటైతే గెలిచేదెవరని అడిగాడుగా. నాతో పెట్టె సర్దించాడు కాబట్టి తనే గెలిచాడని చెప్పు.

శనివారం పొద్దున్న దిగుతాను. కొత్త కుర్చీలోంచి నువ్వు లేవొద్దు. నాది కిటికీ పక్కనే ఉండనివ్వు. అన్నయ్య షెడ్డులో ఉంటే పిలవకు. నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చుంటాను, తనకి వినపడుతుంది.

మీ వసపిట్ట